టబ్బు అంచున కారిన నీళ్లు

విదేశంలో పాత ఇల్లు కొన్నాక స్నానాలగది మరమ్మతుకు నేనే పూనుకున్నాను. మనిషిని పిలిస్తే కూలీకే గుండె ఆగేలా ఉంది. పని బాగానే కుదిరింది కానీ, టబ్బుకూ గోడ టైల్స్‌కూ మధ్య సందు మూయడానికి పూసిన సిలికాన్ (రబ్బరులా గట్టిపడే జిగురు) నెల తిరక్కుండానే చీలిపోయింది. కింది గది పైకప్పు మీద తడి మరక తేలింది. చీలిక మీదే మళ్లీ పూశాను. మళ్లీ ఊడింది. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అతకదని అప్పటికి నాకు తెలియదు.

అసలు తప్పు వేరే. ఖాళీ టబ్బుకు పూశాను. నీళ్లు నిండి మనిషి దిగితే ఆ బరువుకు టబ్బు కాస్త కుంగుతుంది, సందు పెరుగుతుంది, అతుకు తెగుతుంది.

సెలవుల ప్రయాణానికి ముందు రోజు, సామాను సర్దకుండా ఈ పని పెట్టుకున్నాను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు (అదే నన్ను ఎక్కువ భయపెట్టింది). పాతదంతా బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, టబ్బు నిండా నీళ్లు పట్టాక కొత్తది పూశాను. సిలికాన్ గట్టిపడటానికి సాధారణంగా 24 గంటలైనా కావాలి. నీళ్లు అలాగే ఉంచి బయల్దేరాం కాబట్టి దానికి వారం దొరికింది.

ఏడాదైనా చుక్క కారలేదు. పైకప్పుకు రంగు వేయడం మాత్రం మిగిలే ఉంది. పిల్లలు ఆ మరకకు పేరు కూడా పెట్టేశారు.