డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి పాట వినిపించడం ఎలా

రోజంతా రేడియో మోగుతూ ఉంటే అది వాళ్ళకి పాట కాదు, రొద. డిమెన్షియాలో, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బులో, అక్కర్లేని చప్పుడుని పట్టించుకోకుండా ఉండే శక్తి తగ్గిపోతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. కానీ అది వాళ్ళ పాటే అవ్వాలి.

పుట్టిన సంవత్సరానికి ఓసారి పది, ఓసారి ముప్పై కలపండి. 1945లో పుట్టిన మామ్మకి 1955–75 మధ్య విన్నవే సాధారణంగా గట్టిగా నిలిచి ఉంటాయి: ఘంటసాల, సుశీల పాటలు, 1963లో విశాఖ ఆకాశవాణి మొదలయ్యాక రేడియోలో విన్నవి. సినిమాలతో ఆగకండి. పల్లె నుంచి వచ్చినవాళ్ళకి తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి ఉత్తరాంధ్ర జానపదాలు. పూజలు చేసుకున్నవాళ్ళకి సింహాచలం అప్పన్న పాటలు, మంగళహారతులు. తోడబుట్టినవాళ్ళని అడిగి పది పన్నెండు రాసుకోండి. ఏది వింటే దుఃఖం వస్తుందో కూడా వాళ్ళనే అడగండి. ఘంటసాల భగవద్గీత విషయంలో మరీ జాగ్రత్త. చావు జరిగిన ఇళ్ళలో అది మోగడం అలవాటు కాబట్టి, "ఎవరు పోయారు?" అని కంగారు పడొచ్చు.

పాటలు ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్‌లో పెడితే మధ్యలో ప్రకటన పెద్దగా అరిచి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఫ్లైట్ మోడ్ వేసి, బ్లూటూత్ మాత్రం మళ్ళీ ఆన్ చేయండి. స్పీకర్ ఎదురుగా, మూడడుగుల దూరంలో ఉండాలి. వెనకనుంచి గొంతు వినిపిస్తే గదిలో ఎవరో ఉన్నారని భయపడతారు. టీవీ కట్టేయండి. వినికిడి మిషన్ ఉంటే బ్యాటరీ చూసి పెట్టండి. హెడ్‌ఫోన్స్ మన ఉక్కపోతకి చాలామంది లాగి పారేస్తారు.

సాయంత్రం గాబరా, "ఇంటికెళ్ళిపోదాం" అనడం ఉంటే వేళ ముఖ్యం. విశాఖ వైపు చలికాలంలో ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. నాలుగున్నరకే లైట్లు వేసి పాట పెట్టండి. గాబరా ముదిరాక పెడితే అదీ ఇంకో చప్పుడే.

పక్కన కూర్చుని చేతులు చూడండి. చూపుడువేలు కుర్చీ చేతిమీద తాళం వేస్తోందా, పెదవులు కదులుతున్నాయా? మంచిదే. నుదురు ముడిపడి, కొంగుని పదేపదే లాగుతూ, లేవబోతుంటే వెంటనే ఆపేయండి. పాట పూర్తయ్యేదాకా ఆగొద్దు. కన్నీళ్ళు వచ్చినంత మాత్రాన ఆపక్కర్లేదు. చెయ్యి పట్టుకుని, మొహం చూసి నిర్ణయించండి.

మీరే పాడగలిగితే అన్నిటికన్నా మేలు, శ్రుతి తప్పినా సరే. పల్లవి నెమ్మదిగా పాడి చివరి మాట ముందు ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. మామూలు మాటలు దొరకని మనిషికి కూడా ఆ మాట అందవచ్చు. రాకపోతే మీరే పూర్తి చేయండి. "ఇది ఏ సినిమాలోది, చెప్పమ్మా" అని మాత్రం అడగొద్దు. అందరూ చేసే తప్పు అదే. హాయిగా ఉన్న మనిషిని పరీక్షలో కూర్చోబెట్టినట్టవుతుంది.

స్నానానికి మొండికేస్తుంటే బయల్దేరే ముందు రోజూ ఒకే పాట పెట్టండి. కొన్నాళ్ళకి ఆ పాటే స్నానం వేళకి గుర్తుగా మారొచ్చు. నోట్లో ముద్ద ఉండగా పాడించొద్దు, పొలమారుతుంది.

ఏ పాట, ఎన్ని గంటలకి, ముందూ తర్వాతా ఎలా ఉన్నారు అని నోట్‌బుక్‌లో రాయండి. రోజూ ఇష్టంగా విన్న మనిషి ఉన్నట్టుండి చిరాకుపడితే ముందే పాటలు మార్చకండి. చెవిలో గులిమి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, చెప్పుకోలేని నొప్పి, ఏదైనా కావచ్చు. డాక్టరుకి చూపించండి.