మాగకి ముక్క ఎర కోసి గాలానికి కట్టే పద్ధతి

గోపాలపూర్ ఒడ్డున సాయంత్రం పూట రాడ్ పట్టుకుని నిలబడే కుర్రాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. బరంపురం నుంచి బైకుల మీద వస్తారు, మంచి రీళ్ళే కొంటారు, దూరం కూడా బాగానే విసురుతారు. కానీ ఎర దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఫోన్‌లో సాల్మన్ వీడియోలు చూసి, అందులో కోసినట్టే కోస్తున్నారు. మన మాగ చేపని ఇంగ్లీషులో ఇండియన్ సాల్మన్ అంటారు కదా, అందుకని సాల్మన్‌కి పనికొచ్చింది దీనికీ పనికొస్తుందనుకుంటారు. పేరు కలిసింది గానీ ఆ చేపకీ మన మాగకీ చుట్టరికమే లేదు. బతికే నీళ్ళు వేరు, ఎర అందుకునే తీరు వేరు. మాగనే ఒడియావాళ్ళు సహల అంటారు, బొంబాయి వైపు రావస్ అంటారు.

నేనూ మొదట అలాగే కోశాను. ఒక వర్షాకాలం అంతా నా లైన్ మెలికలు పడి చిక్కుపడిపోయేది, ఎర తాడులా చుట్టుకుపోయి బయటికి వచ్చేది, ఎందుకో అర్థమయ్యేది కాదు. చివరికి సియాటిల్‌లో ఉండే మా మేనల్లుడిని అడిగాను. వాడు అక్కడ సముద్రపు పాయలో సాల్మన్ పడతాడు. వాడు చెప్పింది విన్నాక తేడా తెలిసింది, అందుకే ముందు అదే చెబుతాను.

అక్కడ హెర్రింగ్ అనే చేపను ఎరగా వాడతారు, మన కవళ్ళలాంటిదే. మొప్పల వెనక తల కోసేస్తారు, కానీ నిలువుగా కాదు, ఏటవాలుగా. వీపు నుంచి పొట్టకి ఒక వాలు, కుడి పక్క నుంచి ఎడమ పక్కకి ఇంకో వాలు. పేగులు లాగేస్తారు. కోసిన తరువాత ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా ఉంటుంది. పడవ మెల్లగా కదులుతుంటే నీళ్ళు ఆ వాలుకి తగిలి, ఎర మొత్తం దెబ్బ తిన్న చేపలా గుండ్రంగా తిరుగుతుంది. వాలు ఎంత ఉందన్న దాన్నిబట్టి తిరిగే వేగం మారుతుంది. చినూక్ అనే పెద్ద సాల్మన్‌కి నిదానంగా, వెడల్పుగా దొర్లేలా కోస్తారు, కోహో అనే దానికి బిగువుగా, వేగంగా తిరిగేలా కోస్తారు. ఒకే దారానికి రెండు హుక్కులు. పై హుక్కుని కోసిన చోట లోపలి నుంచి పొడుగు పక్కన వీపు దగ్గరగా బయటికి తీస్తారు, రెండోదాన్ని పక్కన గుచ్చుతారు లేదా తోక వెనక వేలాడనిస్తారు. అక్కడ ఆ నీళ్ళలో సాల్మన్‌కి మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు లేని హుక్కే వాడాలన్నది చట్టం.

అంటే అక్కడ కోత అంతా ఎర తిరగడం కోసమే. పడవ కదులుతుంది, ఎర వెనకాల వస్తుంది, నీళ్ళు ఎప్పుడూ ఒకే వైపు నుంచి తగులుతాయి. మన దగ్గర సీసం అడుగున ఇసకలో పాతుకుని ఉంటుంది, ఎర ఉన్నచోటే ఉంటుంది, కెరటం వచ్చినప్పుడు ఒడ్డు వైపు, వెనక్కి లాగినప్పుడు లోపలి వైపు ఊగుతుంది. అలాంటి చోట ఏటవాలు ఎర వేస్తే అది ఉన్నచోటే గిరగిరా తిరిగి దారాన్ని పురి పెట్టేస్తుంది, హుక్కు మొన మాంసంలోకి దూరిపోతుంది, చేప నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోదు. కాబట్టి మనకి కావలసింది తిరగని ఎర. నీళ్ళలో చదునుగా, తిన్నగా పడుకుని తోక మాత్రం ఆడించే ముక్క. ఇక కింద చెప్పేదంతా ఆ ఒక్కదాని కోసమే.

ఎరకి ఏ చేప? నా మొదటి ఓటు కానాగంతకి. దాని శాస్త్రీయ నామంలో కనగుర్త అనే మాట ఉంది చూడండి, అది మన తెలుగు మాటే, ప్రపంచంలో ఎవరు రాసినా అలాగే రాయాలి. నూనె ఎక్కువ, వాసన దూరం పోతుంది, చర్మం హుక్కుని బాగానే పట్టుకుంటుంది. కవళ్ళు వాసనలో ఇంకా మంచివి గానీ మాంసం మెత్తన, గట్టిగా విసిరితే గాల్లోనే ఊడిపోతుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వలవాళ్ళు తెచ్చే కత్తిపరిగ దొరికితే వదలకండి, చర్మం గట్టిది, మాగ రోజూ తినే తిండి కూడా అదే. రొయ్య అన్నిటికన్నా ఇష్టంగా తింటుంది కానీ పీతలూ చిన్న జెల్లలూ అంతకన్నా ఇష్టంగా తింటాయి, పది నిమిషాల్లో ఉత్త హుక్కు మిగులుతుంది. ఏదైనా సరే పొద్దున్నే పడవలు దిగేటప్పుడు కొనండి. కళ్ళు తేటగా ఉండాలి, పొట్ట నొక్కితే మెత్తగా జారకూడదు. పొట్ట చిరిగిన చేప కూరకి పనికొస్తుందేమో గానీ ఎరకి పనికిరాదు.

కోసే ముందు చేపను ఫ్రీజర్‌లో ఓ అరగంట పెట్టండి. పూర్తిగా గడ్డ కట్టకూడదు, బిగుసుకుంటే చాలు. అప్పుడు కత్తి నున్నగా దిగుతుంది. కత్తి పదును చాలా ముఖ్యం, మొండి కత్తితో రంపంలా కోస్తే అంచులు పీచులు పీచులుగా వస్తాయి, ఆ పీచులే నీళ్ళలో ఎరను తిప్పేస్తాయి. పొలుసులు ముందే గీకేయండి, లేదంటే హుక్కు మొనకి పొలుసు ఇరుక్కుని మొన మూసుకుపోతుంది.

మొప్ప వెనక కత్తి పెట్టి వెన్నెముక దాకా దించి, అక్కడి నుంచి ముల్లు మీదుగా తోక వరకు తిన్నగా లాగితే ఒక పక్క మాంసం పలకలా వస్తుంది. చర్మం కిందికి ఉండేలా చెక్క మీద పరిచి, పొడుగ్గా ముక్కలు కోయండి. వెడల్పు రెండు సెంటీమీటర్లు, పొడవు ఎనిమిది నుంచి పది. తల వైపు చివర వెడల్పుగా, తోక వైపు చివర సన్నగా, జండాలా రావాలి. రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో కంటితో చూడండి, ఒక పక్క ఎక్కువ మాంసం ఉంటే అటు బరువెక్కి దొర్లుతుంది. మాంసం మరీ మందంగా ఉంటే కత్తిని పడుకోబెట్టి కాస్త చెక్కేయండి, అర సెంటీమీటరు మందం చాలు. చర్మం తీయకండి, ఎరని పట్టి ఉంచేది చర్మమే.

ఇప్పుడు ఉప్పు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నేను మాత్రం మానను. హుమ్మా కొఠార్ల నుంచి వచ్చే గల్లుప్పు మన బజార్లో దొరుకుతుంది, సన్న ఉప్పు వద్దు. డబ్బాలో ఒక వరస ఉప్పు, ఒక వరస ముక్కలు, చర్మం కిందికి మాంసం పైకి, మళ్ళీ ఉప్పు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే నీరు దిగి ముక్క తోలులా గట్టిపడుతుంది. సాల్మన్ వాళ్ళు కూడా హెర్రింగ్‌ని ఉప్పునీళ్ళలో నానబెట్టి గట్టిచేస్తారు, ఈ ఒక్క విషయం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. అప్పటికప్పుడు వెళ్ళాలంటే గంటసేపు ఉప్పు పట్టించినా నయమే.

హుక్కులు. మాగ నోరు ముట్టె కింద ఉంటుంది, పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి. కొరికి తెంపవు గానీ సన్నటి దారాన్ని రాసి రాసి అరగదీస్తాయి. అందుకని హుక్కుకి కట్టే దారం 30 లేదా 40 పౌండ్లది వాడండి, స్టీలు తీగ అక్కర్లేదు. పొడవు ఒక మీటరు లోపు. సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగి గుండ్రంగా ఉండేది, 4/0 సైజు నాకు బాగా కుదిరింది, ముక్క చిన్నదైతే 3/0. ఇది పెదవి మూలన పడుతుంది, గొంతులోకి పోదు. మామూలు హుక్కు వాడతామంటే వాడండి గానీ, మాగ నీళ్ళలోంచి తీశాక ఎంతోసేపు బతకదు, గొంతులో హుక్కు పడ్డ చిన్న చేపను తిరిగి వదిలినా లాభం లేదు.

రెండు హుక్కులు ఒకే దారానికి కడతాను. కింది హుక్కుకి కాడ చుట్టూ ఏడెనిమిది చుట్లు వేసి బిగించండి, దాని పైన ఐదారు సెంటీమీటర్లు వదిలి పై హుక్కుని కూడా అలాగే కాడ చుట్టూ చుట్టి కట్టండి. ముడి హుక్కు పైన ఉండే కంటికి కాకుండా కాడకి ఉంటే దారం లాగినప్పుడు హుక్కు తిన్నగా వస్తుంది. రెండో చివర స్వివెల్‌కి, అంటే దారం పురి పడకుండా తిరిగే చిన్న కొలికికి. స్వివెల్‌కి పైన మెయిన్ లైన్ మీద ఒక పూస, దాని పైన జారే సీసం. సీసం ఆగి ఉన్నా చేప లాగితే లైన్ దానిలోంచి జారిపోతుంది, బరువు తెలిసి ఎర వదిలేసే అవకాశం తక్కువ. కెరటం పెద్దగా ఉన్న రోజు గుండు సీసం దొర్లిపోతుంది, ఆ రోజు తీగ కాళ్ళున్న సీసం పెట్టుకోండి.

ఇక కట్టడం. పై హుక్కుని ముక్క వెడల్పు చివరన, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, సరిగ్గా మధ్యలో, మాంసం వైపు నుంచి గుచ్చి చర్మం వైపు బయటికి తీయండి. మధ్య అంటే మధ్యే, కొంచెం పక్కకి జరిగినా ముక్క గాలిపటంలా వాలిపోతుంది. తరువాత ముక్కను తిన్నగా సాగదీసి పట్టుకుని, కింది హుక్కు ఎక్కడికి వస్తుందో చూసి, అక్కడ కూడా మాంసం వైపు నుంచే గుచ్చండి. రెండు హుక్కుల మధ్య దారం ముక్క కన్నా పిసరు వదులుగా ఉండాలి. ఈ పిసరు మీదే అంతా ఉంది. దారం బిగువైతే ముక్క విల్లులా వంగుతుంది, వంగిన ఎర తిరుగుతుంది. బరువంతా పై హుక్కు మీదే పడాలి, కింది హుక్కు ఊరికే తోడుగా ఉండాలి. రెండింటి మొనలూ పూర్తిగా బయటికి కనిపించాలి, వేలితో తాకితే గుచ్చుకోవాలి.

గట్టిగా విసిరే అలవాటున్నవాళ్ళు టైలరు షాపుల్లో దొరికే సన్న ఎలాస్టిక్ దారం కొనుక్కోండి. పై హుక్కు కాడకీ ముక్కకీ కలిపి నాలుగు చుట్లు చుడితే చాలు, ముడి కూడా వేయక్కర్లేదు, లాగి తెంపితే అదే పట్టుకుంటుంది. మరీ ఎక్కువ చుడితే ముక్క సాసేజ్‌లా గుండ్రంగా అయిపోతుంది, చదును పోతుంది.

విసిరే ముందు మోకాలి లోతు నీళ్ళలో ఎర వేసి రెండు మూడు మీటర్లు మెల్లగా లాగి చూడండి. తిన్నగా వచ్చి తోక ఆడిస్తే సరే. తిరుగుతుంటే ముందు కింది హుక్కు తీసి మళ్ళీ వదులుగా గుచ్చండి, అప్పటికీ తిరిగితే పై హుక్కు మధ్యలో లేదన్నమాట, అదీ కాకపోతే అంచులు కత్తిరించండి. ఈ పరీక్షకి అర నిమిషం పట్టదు, కానీ చేసేవాళ్ళని నేను ఒకరిద్దరినే చూశాను.

ఎక్కడ వేయాలి అంటే, దూరం ముఖ్యం కాదు. కెరటం మొదట విరిగే వరసకీ ఒడ్డు దగ్గర మళ్ళీ విరిగే వరసకీ మధ్య నీళ్ళు ముదురు రంగులో కనిపించే పల్లం ఉంటుంది, మాగ అందులోనే తిరుగుతుంది. ఆ పల్లం నిరుటి చోటే ఈ ఏడూ ఉంటుందనుకోకండి, మన గంజాం తీరం కదులుతూ ఉంటుంది, పొడంపేటలో ఇళ్ళనే సముద్రం తీసుకుపోయింది కదా. ఆటు సమయంలో వెళ్ళి పల్లం ఎక్కడుందో చూసుకుని, పోటు ఎక్కేటప్పుడు వేయండి. వానల తరువాత నీళ్ళు కొంచెం బురదగా ఉన్నప్పుడు, దసరాకి ముందూ వెనకా, ఋషికుల్య మొగ దగ్గర నాకు బాగా పడ్డాయి. ఇరవై నిమిషాలకోసారి ఎర మార్చండి, తెల్లగా పాలిపోయిన ముక్కకి వాసన ఉండదు.

లాగినప్పుడు సర్కిల్ హుక్కుకి రాడ్ ఎత్తి కొట్టకండి. లైన్ బిగిసేదాకా రీల్ తిప్పితే దానంతట అదే పడుతుంది. ఒక్కోసారి లైన్ బిగియడానికి బదులు ఉన్నట్టుండి వదులవుతుంది, అది కెరటం అనుకుంటాం, కానీ చేప ఎర పట్టుకుని ఒడ్డు వైపు వస్తూ ఉంటుంది. వెంటనే వేగంగా చుట్టండి.

నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల లోపు మరపడవలతో చేపలు పట్టడం నిషేధం, తాబేళ్ళ కోసం. ఒడ్డు నుంచి గాలం వేసే మనం కూడా ఆ నెలల్లో పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట వైపు పోకూడదని నా మాట. ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీలు వేలకు వేలు గుడ్లు పెట్టడానికి వచ్చేటప్పుడు. తెగిన దారం ముక్క తాబేలు రెక్కకి చుట్టుకుని చర్మం కోసుకుపోవడం నా కళ్ళతో చూశాను. ఎప్పుడైనా సరే తెగిన లైన్ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.

ఇంకొకటి, మాగ చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. పెద్దవన్నీ తల్లులే. సంచిలో కూరకి సరిపడా ఉంటే, పెదవికి హుక్కు పడ్డ పెద్ద మాగను నీళ్ళలోనే ఉంచి హుక్కు తీసి వదిలేయండి. జెల్ల పడితే మాత్రం చేత్తో పట్టుకోకండి, వీపు ముల్లూ పక్క ముళ్ళూ విషం. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్ళలో చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది, వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మిగిలిన ఉప్పు ముక్కల్ని ఎండలో పెట్టిన డబ్బాలోనే ఇంటికి తేకండి, ఐస్ మీద ఉంచండి. ఇంటికి రాగానే దిగిన నీరు పారబోసి కొత్త గల్లుప్పు చల్లి, కవర్లో గాలి లేకుండా నొక్కి ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు వారాలు బాగుంటాయి. కవరు మీద తేదీ రాయండి, ఇంట్లోవాళ్ళు కూరకి తీసేయకుండా ఎర అని కూడా రాయండి.