ఛాతీ ఆపరేషన్ తరువాత మొదటి రాత్రి ఒంటరిగా ఉండవద్దు

పదిహేను రోజుల క్రితం, తెల్లవారుజామున బెంగళూరులోని మా ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఇరవై నాలుగేళ్ల అబ్బాయి ఒక్కడే ఆటోలో వచ్చాడు. ముందు రోజు మధ్యాహ్నం నగరంలో మరో చోట గైనకోమాస్టియా (మగవారిలో రొమ్ము పెరగడం) ఆపరేషన్ చేయించుకొని, సాయంత్రానికి డిశ్చార్జి అయి, మారతహళ్లిలోని తన పీజీ గదికి చేరుకున్నాడట. ఆపరేషన్ తరువాత ఛాతీని బిగించి ఉంచే ప్రెషర్ జాకెట్ జిప్పు దించి చూస్తే, ఎడమ ఛాతీ కొబ్బరి చిప్ప బోర్లించినట్లు ఉబ్బి, చర్మం నేరేడు పండు రంగులో నిగనిగలాడుతూ ఉంది. లోపల రక్తం గూడు కట్టింది. రాత్రి పదకొండు గంటలకే బిగుతు మొదలైందని, నొప్పి మాత్ర వేసుకుంటే తగ్గుతుందనుకొని పడుకున్నానని చెప్పాడు. తోడు ఎవరున్నారని తెలుగులో అడిగితే, అప్పటిదాకా సిస్టర్ అని పిలిచినవాడు తల దించుకొని, “ఎవరికీ చెప్పలేదక్కా” అన్నాడు. మళ్లీ మత్తు ఇచ్చి, కుట్లు విప్పి, గడ్డకట్టిన రక్తం తీయవలసి వచ్చింది.

దసరా సెలవులు వస్తున్నాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఈ ఆపరేషన్‌కు ఎక్కువగా ఇలాంటి సెలవులనే ఎంచుకుంటారు. ఇంట్లో మాత్రం ఆఫీసులో పని ఉందని చెబుతారు. అనుభవం ఉన్న ప్లాస్టిక్ సర్జన్ చేతిలో ఇది సురక్షితమైన ఆపరేషనే. సాధారణంగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. ఆ తొందరగా వెళ్లిపోవడంలోనే ప్రమాదం ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన చిక్కులలో ఎక్కువ భాగం కత్తి వల్ల వచ్చినవి కావు, మొదటి రాత్రి పక్కన మనిషి లేకపోవడం వల్ల వచ్చినవి.

ఆపరేషన్‌కు ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఛాతీ పెరిగినట్లు కనిపించడానికి కారణం కొవ్వు మాత్రమేనా, చనుమొన కింద గట్టిగా తగిలే గ్రంథి కూడా ఉందా అన్నది ముందు తేలాలి. కొవ్వు బరువు తగ్గితే కొంత కరుగుతుంది గాని, గ్రంథి వ్యాయామానికి లొంగదు. యుక్తవయసులో వచ్చే పెరుగుదల చాలామందిలో 6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు దానంతట అదే తగ్గిపోతుంది కనుక, పదిహేనేళ్ల పిల్లవాడిని తోటివారి వెక్కిరింతలకు జడిసి బల్ల మీదికి ఎక్కించవలసిన పని లేదు. స్పిరోనోలాక్టోన్, రిస్పెరిడోన్, కీటోకోనజోల్ వంటి మందులు, జిమ్‌లో తీసుకునే స్టెరాయిడ్లు, కాలేయం, థైరాయిడ్, వృషణాల జబ్బులు కూడా కారణం కావచ్చు. ఆ కారణాన్ని అలాగే ఉంచి ఆపరేషన్ చేయిస్తే మిగిలిన గ్రంథి మళ్లీ పెరిగే వీలుంది. ఒకే వైపు గట్టి గడ్డ ఉన్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి గుంజుకున్నట్లున్నా అందం సంగతి పక్కన పెట్టి ముందు క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి. రొమ్ము క్యాన్సర్ రోగులలో సుమారు 1 శాతం మగవారే.

సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గాని డి.ఎన్.బి. గాని డిగ్రీ ఉందా, మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేవరకు అక్కడే ఉంటారా, రాత్రి ఏదైనా జరిగితే థియేటర్ తెరుస్తారా అని అడగండి. ఈ మూడో ప్రశ్నను ఎవరూ అడగరు.

ఇప్పుడు మొదటి రాత్రి విషయం. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని, సన్నని గొట్టంతో కొవ్వును తీసేశాక లోపల ఖాళీ మిగులుతుంది. ఆపరేషన్ అయిన గంటల తరువాత కూడా, దగ్గినప్పుడో, లేచినప్పుడో, రక్తపోటు పెరిగినప్పుడో మూసుకున్న రక్తనాళం తెరుచుకుంటే రక్తం ఆ ఖాళీలోకి చేరుతుంది. ఎక్కువగా ఇది మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. రెండు వైపులా సమానంగా ఉండే వాపుకు, నొప్పికి భయపడనక్కరలేదు. ఒక వైపు మాత్రమే రెండో దానికంటే వేగంగా ఉబ్బుతూ, బిగుస్తూ, మాత్రకు లొంగని నొప్పి పెడుతుంటే అది తెల్లవారే దాకా ఆగే విషయం కాదు. మత్తు దిగని మనిషికి, జాకెట్ లోపల, చీకటి గదిలో ఆ తేడా తెలియదు. పక్కన కూర్చున్న మనిషికి తెలుస్తుంది. అందుకే ఒంటరిగా ఉండవద్దు.

అమ్మకు చెప్పడానికి సిగ్గుగా ఉంటే అన్నకో, బావకో, గదిలో ఉండే స్నేహితుడికో చెప్పండి. అయితే నిజం చెప్పండి. జ్వరమని చెప్పి పిలిపించుకున్న స్నేహితుడు జ్వరం మాత్ర ఇచ్చి నిద్రపోతాడు. ఆసుపత్రి ఫారంలో తోడు వచ్చినవారి పేరు దగ్గర రాని మనిషి పేరు రాయవద్దు.

మర్నాడు రాత్రి మడివాళలో బస్సెక్కి ఊరికి బయలుదేరవద్దు. కాళ్లు ముడుచుకొని గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, దారి మధ్యలో ఛాతీ ఉబ్బితే చూసేవారు ఉండరు.

సిగరెట్‌ను కనీసం 4 వారాల ముందే మానండి. నికోటిన్ రక్తనాళాలను బిగించి చనుమొనకు రక్తం అందనివ్వదు. స్టెరాయిడ్లు వాడితే మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, చేప నూనె మాత్రలు వాడుతున్నా చెప్పండి, గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు. తీసిన గ్రంథిని ల్యాబ్ పరీక్షకు పంపమని అడగండి. కనీసం 24 గంటల వరకు బండి నడపవద్దు. లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉంటే అందులో చేరిన ద్రవాన్ని కొలిచి రాసిపెట్టండి. దాన్ని మీరే లాగవద్దు. జాకెట్‌ను 4 నుంచి 6 వారాలు రాత్రింబవళ్లు వేసుకోండి, దురద పెడుతోందని తీసి పడేయవద్దు. మంచు గడ్డలు, వేడి నీటి సంచి పెట్టవద్దు. చర్మం వారాల పాటు మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. తల మీదుగా తొడిగే టీషర్టు వద్దు. బోర్లా పడుకోవద్దు. నెల దాటే వరకు బరువులు ఎత్తవద్దు, డాక్టరు ఒప్పుకోనిదే బెంచ్ ప్రెస్ జోలికి పోవద్దు. రెండో వారంలో అద్దం చూసుకొని ఏడవవద్దు, అసలు ఆకారం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. జ్వరం, చీము, ఆయాసం, పిక్క నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా ఉండవద్దు. డిశ్చార్జికి ముందు ఆసుపత్రి రాత్రి నంబరును కాగితం మీద రాయించుకొని, మీ తోడు చేత అక్కడే ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేయించండి. ఎవరూ ఎత్తకపోతే ఆ రాత్రి మంచం దిగి వెళ్లవద్దు.