పాత మియాటాకు సివిక్ చక్రాలు

నా మొదటి తరం మాజ్డా మియాటా కారుకు పాత హోండా సివిక్ 15 అంగుళాల అలాయ్ చక్రాలు వేశాను. రెండింటికీ 4 బోల్టులే, 100 మి.మీ. వ్యాసమున్న వృత్తం మీదే. అయితే సివిక్ చక్రం నడిమి రంధ్రం 56.1 మి.మీ., మియాటా హబ్ (చక్రం కూర్చునే ఇరుసు మధ్య భాగం) 54.1. ఆ సందులో రింగు వేయండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణకొచ్చు.

అసలు తిరకాసంతా నట్లతోనే. హోండా చక్రంలో నట్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది, మాజ్డా నట్టు మొనేమో శంకువులా. నేను పాత నట్లే బిగించేశా. మర్నాడు విప్పి చూస్తే గుంటలో సన్నటి గీత ఒక్కటే మెరుస్తోంది. అంటే అంత మేరే ఆనిందన్నమాట! గుండె గుభేలుమంది. హోండా నట్లే తెచ్చుకోండి, మర రెండింటికీ ఒకటే, 12×1.5 (12 మి.మీ. వ్యాసం, మర చుట్ల మధ్య 1.5 మి.మీ.).

ముందు చేత్తో తిప్పి, ఎదురెదురు నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) 100 న్యూటన్ మీటర్లకు బిగించండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడండి. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచి పెట్టండి.