క్లాసు టైమ్‌లో మాత్రమే నెట్ ఆగాలంటే స్విచ్‌లో ఏం చేయాలి?

కాలేజీ ల్యాబ్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా వెబ్‌సైట్లు తెరుచుకోకూడదు, ఆ తర్వాత మామూలుగా రావాలి. రోజూ ఎవరో ఒకరు వచ్చి కేబుల్ పీకక్కర్లేదు. సిస్కో లేయర్ 3 స్విచ్ (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి దారి చూపే స్విచ్) ఉంటే ఆ పని అదే చూసుకుంటుంది. ల్యాబ్ వీల్యాన్ (స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్ భాగం) 20లో, 192.168.20.0 నెట్‌వర్క్‌లో ఉందనుకుందాం. కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, స్విచ్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ముందు గడియారం సంగతి. షో క్లాక్ కొట్టి చూడండి. తర్వాత కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్లి:

క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
ఎన్‌టీపీ సర్వర్ (మీ టైమ్ సర్వర్ ఐపీ)

ఎన్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీదుగా సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి. అది లేకుండా టైమ్ చేత్తో సెట్ చేసి ఊరుకుంటే ఏమవుతుందో చెబుతాను. పాత సిస్కో కాటలిస్ట్ స్విచ్ మోడళ్లు చాలావాటిలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే అవి 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. మన టైమ్‌జోన్‌లో అది సోమవారం తెల్లవారుజామున 5:30. మధ్యాహ్నం 3కి కరెంటు వచ్చిందనుకోండి, సాయంత్రం 6:30కి స్విచ్ లెక్కలో 9 అవుతుంది. క్లాసులో వచ్చిన నెట్ క్లాసులయ్యాక ఆగిపోతుంది! తప్పు రూల్‌లో ఉందేమోనని వెతికితే రాత్రంతా వెతకాల్సిందే.

ఇక వేళలు చెప్పాలి:

టైమ్-రేంజ్ క్లాస్-టైమ్
పీరియాడిక్ వీక్‌డేస్ 9:00 టు 16:00
పీరియాడిక్ శాటర్‌డే 9:00 టు 13:00

వీక్‌డేస్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శనివారం క్లాసులు లేకపోతే మూడో లైన్ వదిలేయండి.

ఇప్పుడు అసలు లిస్టు, అంటే ఏది ఆపాలో (డినై), ఏది వదలాలో (పర్మిట్) చెప్పే రూల్స్:

ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ల్యాబ్-రూల్
డినై టీసీపీ 192.168.20.0 0.0.0.255 ఎనీ ఈక్యూ 80 టైమ్-రేంజ్ క్లాస్-టైమ్
డినై టీసీపీ 192.168.20.0 0.0.0.255 ఎనీ ఈక్యూ 443 టైమ్-రేంజ్ క్లాస్-టైమ్
డినై యూడీపీ 192.168.20.0 0.0.0.255 ఎనీ ఈక్యూ 443 టైమ్-రేంజ్ క్లాస్-టైమ్
పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ

80, 443 అనేవి వెబ్‌సైట్లు వాడే పోర్ట్ నంబర్లు. 0.0.0.255 అనేది సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0కి తలకిందులు. యూడీపీ లైన్ ఎందుకంటారా? యూట్యూబ్ లాంటివి క్విక్ (QUIC) ప్రోటోకాల్‌తో ఆ దారిన దూరిపోతాయి. వేళ దాటాక డినై లైన్లు లేనట్టే లెక్క. చివరి పర్మిట్ మరిచిపోతే మాత్రం, కనపడని డినై ఒకటి లిస్టు చివర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ల్యాబ్ నుంచి వేరే వీల్యాన్‌లోని ప్రింటర్ దాకా కూడా ఏదీ వెళ్లదు, అదీ 24 గంటలూ. కాలేజీ సొంత వెబ్ సర్వర్ క్లాసులో కావాలంటే దానికో పర్మిట్ లైన్ అన్నిటికన్నా పైన పెట్టండి.

తర్వాత లిస్టును తగిలించాలి:

ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 20
ఐపీ యాక్సెస్-గ్రూప్ ల్యాబ్-రూల్ ఇన్

ఈ 'ఇన్' దగ్గర చాలామంది తికమకపడతారు. స్విచ్ వైపు నుంచి చూడండి. ల్యాబ్ పీసీల నుంచి దాని లోపలికి వచ్చేదే ఇన్.

షో టైమ్-రేంజ్ కొడితే యాక్టివ్ అనో ఇనాక్టివ్ అనో చూపిస్తుంది. రైట్ మెమరీతో సేవ్ చేసి, సాయంత్రం 3:55కి ల్యాబ్‌లో ఒక పీసీ ముందు కూర్చోండి. 4 దాటాక పేజీ రిఫ్రెష్ చేస్తే తెరుచుకోవాలి.