బొంత అంచు లేస్తోందా? కొలత నడుమ తీయండి

బొంతను నేల మీద పరిచి చూడండి. నడుమ భాగం చక్కగా ఆనుకుని, చుట్టూ వేసిన అంచు మాత్రం లంగా కుచ్చిళ్ళలా లేస్తుంటే అంచుకు కుట్టిన పట్టీ పొడవు ఎక్కువైనట్టు. అంచు బిగుసుకుపోయి నడుమ పొట్టలా ఉబ్బితే పట్టీ తక్కువైనట్టు. మీది ఏదో ముందు తేల్చుకోండి.

అంచు అలలు అలలుగా ఉంటే

వరంగల్‌లో నా దగ్గరికి బాగుచేయమని వచ్చే బొంతల్లో ఎక్కువ ఇవే. పొడుగు పట్టీ తీసుకుని పక్క వెంబడి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించేస్తారు. జాకెట్లు కుట్టి చేయి తిరిగినవాళ్ళే ఈ పని ఎక్కువ చేస్తారు. నేనూ చాలా ఏళ్ళు చేశాను.

ముక్కలు అతికిన బొంత పక్కలు చేతులు తగిలి తగిలి అప్పటికే సాగి ఉంటాయి. పైగా సూది కింద ఉండే మిషన్ పళ్ళు కింది గుడ్డను పైదానికంటే కాస్త ఎక్కువ లాక్కుంటాయి. పట్టీ కింద ఉంటే అదే ఎక్కువ లోపలికి పోతుంది. రెండూ కలిస్తే ఒక్కో పక్క ముప్పావు, అంగుళం అదనంగా చేరడం కష్టమేమీ కాదు.

ఇస్త్రీతో అణిచేద్దామనుకోకండి. ఆవిరి మీద రుద్దితే గుడ్డ ఇంకా సాగుతుంది. విప్పాల్సిందే. ఒక వైపు నాలుగేసి కుట్లకు ఒకటి తెంపి, వెనక దారం పట్టి లాగితే గుడ్డ చిరగకుండా వచ్చేస్తుంది.

ఇప్పుడు కొలత. పక్క మీద టేపు పెట్టకండి. బొంత నడుమ, దానికి అటూ ఇటూ మరో రెండు చోట్ల కొలిచి, మూడింటి సగటు తీసుకోండి. ఈమధ్య విప్పిన బొంతకు ఎడమ పక్క 81 అంగుళాలు, కుడి పక్క 80¾, నడుమ మూడు చోట్లా 80 వచ్చింది. రెండు పట్టీలూ 80కే కోశాను. ఎదురెదురు పట్టీలు వేర్వేరు పొడవైతే బొంత చదరం తప్పుతుంది.

పట్టీని సగానికి, మళ్ళీ సగానికి మడిచి చాక్‌తో గుర్తులు పెట్టండి. బొంత పక్కకూ అలాగే. గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చి, ఆ మధ్యన ఇంకొన్ని గుచ్చండి. సాగిన వైపు, అంటే బొంత, కిందికి పళ్ళ మీదికి రావాలి. మిగులును ఆ పళ్ళే సర్దేస్తాయి, మీరు లాగొద్దు. పక్కకూ నడుమకూ తేడా అంగుళం దాటితే మాత్రం సర్దాలని చూడకండి. ముక్కల అతుకుల్లోనే కుట్టుకు వదిలే పావు అంగుళం ఒక్కో చోట ఒక్కోలా పడి ఉంటుంది, అక్కడ సరిచేయండి.

పొడవు పక్కలు ముందు వేసి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి దించుతూ నొక్కి, అప్పుడు వెడల్పును కొత్త పట్టీలతో కలిపి మళ్ళీ నడుమనే కొలవండి. కాగితం మీద కూడిన లెక్కను నమ్మొద్దు.

కొలిచినా లేస్తుంటే

"అక్కా, కొలిచే కోసిన, మల్లెందుకు లేత్తాంది?" అని పక్కింటి పిల్ల పట్టీ తెచ్చి చూపించింది. పట్టుకుని లాగితే రబ్బరులా వచ్చింది. అడ్డంగా, పేక దారం వెంబడి కోసింది. పడుగు, అంటే నిలువు దారం, మగ్గం మీద బిగదీసి ఉంటుంది కాబట్టి ఆ వైపు గుడ్డ తక్కువ సాగుతుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ మాట చెప్పాల్సి వచ్చింది! చీర నుంచి పట్టీ తీస్తే పొడవునా తీయండి. పడుగు అటే ఉంటుంది, 80 అంగుళాల పట్టీ అతుకు లేకుండా వస్తుంది. క్రాస్‌గా, అంటే ఏటవాలుగా కోసిన పట్టీ అయితే అసలే వద్దు.

ఉతికాక నడుమ ఉబ్బితే

బొంతలోని పాత నూలు చీరలు ఎన్నో ఉతుకులు చూసి కుదించుకుపోయి ఉంటాయి. అంచుకు మాత్రం కొత్త గుడ్డ కొంటాం. అది మొదటి ఉతుకులో చిన్నదై బొంతను బిగిస్తుంది. కోయకముందే కొత్త గుడ్డను రాత్రంతా నానబెట్టి ఆరేసుకోవాలి. ఇప్పటికే కుట్టేసి ఉంటే పట్టీ విప్పి, కొలిచి కొత్తది వేయడమే.

లోపల గుడ్డ పేర్చి కుట్లు వేశాకే అంచు లేస్తే పట్టీ తప్పు కాదు. నడుమ దగ్గర దగ్గరగా కుట్టి అంచును ఖాళీగా వదిలేసి ఉంటారు. కుట్లు పడ్డచోట గుడ్డ ముడుచుకుంటుంది, పడనిచోట అలాగే ఉంటుంది. అంచు మీద కూడా అంతే దగ్గరగా కుట్లు నడపండి.

ఇంకొకటి. బొంతను ఒక టేపుతో, పట్టీని వేరే టేపుతో కొలవకండి. పాత టేపు సాగి ఉంటుంది, స్టీలు స్కేలు పక్కన పెడితే తెలిసిపోతుంది. నాది 60 అంగుళాలకు పావు అంగుళం తేడా వచ్చింది. ఇప్పుడు దానితో గుడ్డముక్కల మూట కడుతున్నాను.