స్లో డౌన్: కలిపి రాయాలా, విడదీసి రాయాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లలో చాలామంది ఆఫీసుకు అర్జీ పెట్టాలంటే ఇంగ్లీషునే పట్టుకుంటారు. ఒడియా గడగడా మాట్లాడినా, రాయాలంటే చెయ్యి ఆడదు. ఆ అర్జీల్లో తరచూ తేడా కొట్టే మాట 'స్లో డౌన్'.

సమస్య: 'ద నెట్ హాజ్ స్లోడౌన్' అని కలిపేసి రాశారు. ఫోన్ ఎర్రగీత పెట్టలేదు.

కారణం: 'స్లోడౌన్' కూడా డిక్షనరీలో ఉన్న మాటే, అందుకే ఫోన్ ఊరుకుంది. కానీ అది నామవాచకం. తెలుగులో అయితే క్రియకు 'తగ్గు', నామవాచకానికి 'తగ్గుదల' అని మాటే మారుతుంది. ఇంగ్లీషులో ఇక్కడ తేడా అంతా మధ్యనున్న ఖాళీలోనే ఉంది.

పరిష్కారం: వాక్యాన్ని నిన్నటికి మార్చి చూడండి. 'స్లోడ్ డౌన్' అని మారితే క్రియ, విడదీయండి: 'ద నెట్ హాజ్ స్లోడ్ డౌన్'. ముందు 'ఎ'గానీ 'ద'గానీ పడితే నామవాచకం, కలపండి: 'ఎ స్లోడౌన్ ఇన్ ద వర్క్'. 'స్లోడౌన్డ్' అనే మాట మాత్రం ఎక్కడా లేదు.

బడి మలుపు దగ్గర బోర్డు రాయిస్తుంటే పెయింటరు పక్కనే నిలబడండి. రేకు మీద చోటు చాలకపోతే మొదట ఎగిరిపోయేది ఆ ఖాళీయే. బోర్డు మీదిది ఆజ్ఞ, అంటే క్రియ. రెండు మాటలూ విడిగానే ఉండాలి.

సమస్య: 'ప్లీజ్ స్లో డౌన్ ఇట్'.

పరిష్కారం: 'ఇట్' మధ్యలోకి రావాలి: 'స్లో ఇట్ డౌన్'. 'ద బస్' అయితే మధ్యలో పెట్టినా చివర పెట్టినా చెల్లుతుంది.

సమస్య: 'స్పీడ్ ఈజ్ వెరీ స్లో'. బండి అయితే 'స్లో', స్పీడ్ అయితే 'లో' (తక్కువ). అంతే.

'గో స్లో' బోర్డు తప్పని, 'స్లోలీ' ఉండాలని కొందరు మాస్టార్లు పట్టుబడతారు. బోర్డుకు 'స్లో' చాలు, ఆ వాడుక పాతదే. అర్జీలో మాత్రం 'స్లోలీ' రాస్తేనే మర్యాదగా ఉంటుంది.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. 'ద స్టాఫ్ ఆర్ ఆన్ ఎ గో-స్లో' అంటే పని ఆలస్యమవుతోందని కాదు, సిబ్బంది నిరసనగా కావాలనే నిదానంగా చేస్తున్నారని. అమెరికావాళ్లు దాన్నే 'స్లోడౌన్' అంటారు. మీ ఫిర్యాదు ఆలస్యం గురించే అయితే 'ద వర్క్ ఈజ్ డిలేడ్' అని రాయండి, గుమాస్తాతో తగువు ఉండదు.